థేమ్సు ఒడ్డున చక్రాల చప్పుడు

లండను నగరం వెళ్ళినవాళ్ళు తప్పకుండా చూసివచ్చేవి కొన్ని ఉన్నాయి. రాజుగారి మేడ, పార్లమెంటు పక్కన ఉండే పెద్ద గడియారం, తొమ్మిది వందల ఏళ్ళు దాటిన టవరు కోట, ఇవన్నీ నేనూ చూశాను. మా అక్కయ్య కుటుంబం ఆ నగరంలో కాపరం ఉంటున్నది. వాళ్ళ ఇంట మూడు వారాలు ఉండి, టిక్కెట్టు కొనవలసినచోట టిక్కెట్టు కొని, వరసలో నిలబడవలసినచోట నిలబడి, ఏదీ వదలకుండా చూశాను. కాని తిరిగివచ్చాక నలుగురికీ చెప్పాలని నాకు తోచినది వీటిలో ఏదీ కాదు. టిక్కెట్టు లేకుండా చూసిన ఒక చోటు. అది ఒక పెద్ద కట్టడం కింద మిగిలిపోయిన ఖాళీ జాగా.

దాన్ని నాకు చూపించినవాడు మా మేనల్లుడు. వాడికి పదకొండేళ్ళు. ఒక శనివారం పొద్దున వాడు చంకలో స్కేట్‌బోర్డు పెట్టుకుని నా గదిలోకి వచ్చి, "మామయ్యా, నువ్వు చూడాలన్న చోట్లకల్లా నేను వచ్చాను. ఇవాళ నేను చెప్పినచోటికి నువ్వు రావాలి," అన్నాడు.

"ఏమున్నదిరా అక్కడ?" అన్నాను.

"ఏమీ లేదు. అందుకే బావుంటుంది," అన్నాడు వాడు.

మా అక్కయ్య వంటింట్లోనుంచి, "మోకాళ్ళకు తొడుగులు వేయించరా, తమ్ముడూ! హెల్మెట్టు పెట్టకుండా వాణ్ణి గడప దాటనివ్వకు!" అని కేక పెట్టింది.

స్కేట్‌బోర్డు చూడనివాళ్ళకోసం దాన్ని గురించి రెండు మాటలు చెప్పాలి. అది సుమారు ఎనభై సెంటీమీటర్ల పొడుగూ, ఇరవై సెంటీమీటర్ల వెడల్పూ గల కొయ్యపలక. మేపుల్ చెట్టు కొయ్యను పల్చని పొరలుగా తీసి, ఏడు పొరలను ఒకదానిమీద ఒకటి జిగురుతో అతికి, గట్టిగా అదిమి దాన్ని తయారుచేస్తారు. అందుచేత అది పల్చగా ఉండికూడా మనిషి ఎగిరి మీద పడితే ఓర్చుకుంటుంది. ముందు కొసా, వెనక కొసా కాస్త పైకి వంగి ఉంటాయి. కాలు జారకుండా పైన గరుకు కాగితం అంటించి ఉంటుంది. కింద రెండు ఇరుసులూ, నాలుగు చిన్న చక్రాలూ. ఇరుసుల దగ్గర రబ్బరులాంటి మెత్తని దిమ్మలు ఉంటాయి కనక, మనిషి ఏ పక్కకు ఒరిగితే బండి ఆ పక్కకు తిరుగుతుంది. పట్టుకోవటానికి పిడి లేదు, ఆపటానికి బ్రేకు లేదు. ఇన్ని లేకుండా ఉన్న వాహనాన్ని పిల్లలు అంతగా ఎందుకు ప్రేమిస్తారో మా అక్కయ్యకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వాటర్లూ స్టేషనులో రైలు దిగి అయిదు నిమిషాలు నడిస్తే థేమ్సు నది వస్తుంది. సముద్రపు ఆటుపోట్లు నగరం లోపలిదాకా వస్తాయి కనక, ఈ నది పొద్దున ఒకరకంగా, సాయంత్రం ఒకరకంగా ఉంటుంది. మేము వెళ్ళిన వేళకు నీరు తీసి ఒడ్డున బురదా, గులకరాళ్ళూ బయటపడి ఉన్నాయి.

రెండవ ప్రపంచయుద్ధంలో బాంబులవల్ల ఈ దక్షిణపు ఒడ్డు చాలా దెబ్బతిన్నది. యుద్ధం ముగిశాక, ప్రజలకు కాస్త ఉల్లాసం కలిగించాలని 1951 లో ఇక్కడ పెద్ద ఉత్సవం జరిపారు. ఆ ఉత్సవానికి కట్టిన సంగీతశాల, రాయల్ ఫెస్టివల్ హాల్, ఇప్పటికీ ఉన్నది. దాని పక్కనే 1967 లో క్వీన్ ఎలిజబెత్ హాల్ అనే మరొక సంగీతశాల, మరుసటి ఏడు హేవర్డ్ అనే చిత్రశాల వెలిశాయి. ఇప్పుడు వీటన్నిటినీ సౌత్‌బ్యాంక్ సెంటర్ అనే సంస్థ నడుపుతున్నది.

ఈ తరవాత కట్టిన రెండింటికీ సున్నం లేదు, రంగు లేదు. అంతా కాంక్రీటే. కాంక్రీటు పోసేటప్పుడు చుట్టూ కట్టిన చెక్కల ఆనవాళ్ళు, కొయ్యలోని ఈనెలతో సహా, గోడలమీద అచ్చుపడి ఉన్నాయి. లండనువాళ్ళలో చాలామంది వీటిని చూసి ముఖం చిట్లిస్తారట. నాకు మటుకు నచ్చాయి. దగ్గిరికి పోయి చెయ్యి వేస్తే, మాను మీద చెయ్యి వేసినట్టే ఉన్నది.

ఆ చోటు కంటికి కనిపించకముందే చెవికి వినిపించింది. మొదట బండి చక్రాలు రాళ్ళమీద దొర్లుతున్న గరగర. తరవాత ఒక క్షణం నిశ్శబ్దం. ఆ వెంటనే కొయ్యతో గచ్చుమీద ఫెడీమని కొట్టిన చప్పుడు. "ఎవరో దూకారు," అని మావాడు పరుగు తీశాడు.

క్వీన్ ఎలిజబెత్ హాల్‌ను నేలమీద కట్టలేదు. స్తంభాలమీద ఎత్తి కట్టారు. సంగీతశాల పైన ఉంటే, దాని అడుగున ఒక పెద్ద చావడిలాంటి జాగా మిగిలింది. మూడు పక్కల నీడ, ఒక పక్క మటుకు నదివేపుకు పూర్తిగా తెరపి. స్తంభాలు పుట్టగొడుగుల్లాగా పైకి పోయినకొద్దీ విచ్చుకుంటాయి. నేలమీద నున్నటి పలకలు పరిచారు. నేల ఎత్తుపల్లాలు కలిసేచోట కొన్ని మెట్లు వేశారు, కొన్నిచోట్ల ఏటవాలుగా గచ్చు చేశారు. ఇదంతా ఎందుకు చేశారంటే, వచ్చేపోయే జనం నడవటానికని. కట్టినవాళ్ళు ఈ జాగాకు ఇంతకుమించి పని ఏదీ నిర్ణయించలేదు. దీన్ని అందరూ అండర్‌క్రాఫ్ట్ అంటారు.

పెద్దవాళ్ళు పని చెప్పని జాగా ఎక్కడ ఉంటే అక్కడికి పిల్లలు చేరతారు. అయితే వాళ్ళు ఇక్కడికి చేరటానికి ఆరేళ్ళు పట్టింది. దానికి ఒక కారణం ఉన్నది, అది చక్రాల కథ.

1960 ప్రాంతంలో కూడా స్కేట్‌బోర్డులు ఉండేవి. కాని వాటి చక్రాలు ఇనుముతోనో, మట్టిని ఒక రకం జిగురుతో కలిపి గట్టిపరచిన పదార్థంతోనో చేసేవారు. అవి రాయిలాగా గట్టివి. ఎదురుగా చిన్న గులకరాయి వచ్చిందా, చక్రం టక్కున ఆగిపోయేది. మనిషి మటుకు ఆగక ముందుకు పోయి బోర్లాపడేవాడు! ఏటవాలు ఎక్కబోతే పట్టు లేక జారేది. అందుచేత ఈ ఆట కొన్నాళ్ళు మూలపడింది. 1970 తరవాత అమెరికాలో ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే యువకుడు పాలీయూరిథేన్ అనే పదార్థంతో చేసిన చక్రాలను స్కేట్‌బోర్డుకు బిగించి చూశాడు. ఈ పదార్థం రబ్బరులాగా సాగి, ఎముకలాగా నిలుస్తుంది. గులకరాయి తగిలితే చక్రం అక్కడ కొద్దిగా నొక్కుకుని, దానిమీదుగా దొర్లిపోతుంది. గచ్చును గట్టిగా పట్టుకుంటుంది. ఆట మళ్ళీ లేచింది.

ఆ చక్రాలు లండను చేరేసరికి అక్కడి కుర్రవాళ్ళకు కావలసినవన్నీ అండర్‌క్రాఫ్ట్‌లో తయారుగా ఉన్నాయి. నున్నటి నేల, ఏటవాలు గచ్చులు, మెట్లు, అరుగులు. వీటన్నిటికీ పైన కప్పు. లండనులో వాన ఎప్పుడు వస్తుందో చెప్పలేము కనక కప్పు చాలా ముఖ్యం. 1973 నుంచీ వాళ్ళు ఇక్కడ ఆడుతూనే ఉన్నారు. ఇంతకాలంగా ఎడతెగకుండా స్కేట్‌బోర్డులు నడుస్తున్న చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

మేము వెళ్ళేసరికి ఏ ముప్ఫయిమందో ఆడుతున్నారు. ఆరేళ్ళ పిల్ల ఉన్నది, గడ్డం నెరిసిన ఆయన ఉన్నాడు. గోడలనిండా రంగురంగుల రాతలూ బొమ్మలూ. ఈ వారం ఒకరు వేసిన బొమ్మమీద పైవారం ఇంకొకరు వేస్తారు. దారినపోయే జనం ఊచల దడిని ఆనుకుని వేడుక చూస్తున్నారు. ఈ ఆటకు అంపైరు లేడు, ఈల లేదు. ఇంతమంది ఇన్ని దిక్కులనుంచి వస్తూకూడా ఒకరినొకరు గుద్దుకోకపోవటం చూసి నేను ఆశ్చర్యపోయాను. కాసేపు చూశాక తెలిసింది: వంతు కోసం ఎవరూ నోరు విప్పరు, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటారు. ఒక చూపుతో "నువ్వు పో" అన్నట్టు, ఇంకొక చూపుతో "ఇప్పుడు నేను" అన్నట్టు.

మావాడు ఆలీ అనే విద్య నేర్చుకుంటున్నాడు. చేత్తో పట్టుకోకుండా, పలకతోసహా గాలిలోకి లేవటమే ఆలీ. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన ఆలన్ గెల్ఫాండ్ అనే కుర్రవాడు 1970-80 మధ్య దీన్ని గుంటల అంచులమీద చేసి చూపాడు. ఆ తరవాత కొద్ది ఏళ్ళకు రాడ్నీ ముల్లెన్ అనే మరొక కుర్రవాడు చదునైన నేలమీదకూడా చేయవచ్చునని నిరూపించాడు. చూసేవాళ్ళకు పలకను కాళ్ళకు బంక పెట్టి అంటించారేమో అనిపిస్తుంది. బంకా లేదు, మంత్రమూ లేదు. ఆడేవాడు వెనక కాలితో పలక తోకను నేలకు గట్టిగా కొడుతూ, అదే క్షణంలో పైకి ఎగురుతాడు. తోక నేలకు తగిలి బంతిలాగా తిరిగి లేస్తుంది. ముందు కొస ఆకాశం చూస్తుంది. అప్పుడు ముందు కాలిని గరుకు కాగితంమీదుగా ముందుకు రాస్తూ లాగుతాడు. ఆ రాపిడికి పలక కాలివెంట పైకి వచ్చి గాలిలో చదునవుతుంది. తరవాత మనిషీ, పలకా కలిసి నేలకు దిగుతారు. రాయటానికి ఇన్ని వాక్యాలు పట్టాయి గాని, చేయటానికి అర సెకను చాలు. నేర్చుకోవటానికి మటుకు నెలలు పడుతుంది.

మావాడు ఒక చిన్న మెట్టుమీదికి ఆలీతో ఎక్కాలని చూస్తున్నాడు. నేను లెక్కపెట్టాను. పద్ధెనిమిదిసార్లు పడ్డాడు. ప్రతిసారీ లేచి, మోకాలు దులుపుకుని, మళ్ళీ వెనక్కు పోయి మొదలుపెట్టాడు. ఇంటిదగ్గిర ఎక్కం తప్పితే రెండోసారి చెప్పమన్నందుకే ఏడుపు ముఖం పెట్టే పిల్లవాడు వీడేనా అనుకున్నాను. పందొమ్మిదోసారి పలక మెట్టుమీదికి వచ్చి, వంకరగా అయినా, నిలిచింది. వెంటనే నాలుగు పక్కలనుంచి టకటకమని చప్పుడు వినిపించి నేను ఉలిక్కిపడ్డాను. చుట్టూ ఉన్న పెద్దవాళ్ళూ, చిన్నవాళ్ళూ తమ పలకల తోకలను నేలకు కొడుతున్నారు. చప్పట్లకు బదులు ఇక్కడ అదీ మర్యాద. వాళ్ళలో ఎవరికీ మావాడి పేరు తెలియదు.

నేను కూచున్న అరుగుమీదే ఒక నడివయసు మనిషి తన కూతురి పలకకు మరలు బిగిస్తున్నాడు. మాటల్లో, తనూ చిన్నప్పుడు ఇక్కడే నేర్చుకున్నానని చెప్పాడు. "నువ్వు కూచున్న ఈ జాగాలో ఇప్పుడు ఒక కాఫీ దుకాణం ఉండవలసింది, తెలుసా?" అని అడిగాడు. నాకు తెలియదు. కొంత అతను చెప్పాడు, మిగతాది నేను తరవాత తెలుసుకున్నాను.

ఇక్కడ ఆట సాగినకొద్దీ జాగా తగ్గుతూ వచ్చింది. 2004-05 ప్రాంతంలో సౌత్‌బ్యాంక్ సెంటర్‌వాళ్ళు అండర్‌క్రాఫ్ట్‌లో సగానికి పైగా మూసి అడ్డుగోడలు కట్టారు. కొద్దికాలానికేనన్నారు. కాని ఆ కొద్దికాలం ఎన్నో ఏళ్ళు సాగింది. 2013 మార్చిలో అసలు వార్త వచ్చింది. పాత సంగీతశాలనూ, చిత్రశాలనూ బాగుచేసి, పైన కొత్త కట్టడాలు కట్టటానికి 12 కోట్ల పౌన్లతో ఒక పథకం వేశారు. దానికి డబ్బు సమకూడాలంటే అండర్‌క్రాఫ్ట్‌లో దుకాణాలూ, ఫలహారశాలలూ పెట్టి అద్దెకివ్వాలి. స్కేట్‌బోర్డువాళ్ళకు మటుకు అక్కడికి సుమారు 120 మీటర్ల దూరంలో, హంగర్‌ఫర్డ్ రైలు వంతెన కింద వేరే చోటు కట్టించి ఇస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ పథకం వేసినవాళ్ళేమీ దుర్మార్గులు కారు. కట్టడాలకు మరమ్మతు నిజంగానే అవసరం. కొత్త పథకంలో పిల్లలకోసం కొన్ని గదులుకూడా ఉన్నాయి. పైగా వాళ్ళు, "పొండి," అని ఊరుకోలేదు, వేరే చోటు ఇస్తామన్నారు. పేపరుమీద చూస్తే ఇది న్యాయమైన బేరంలాగే కనిపిస్తుంది. చాలామంది పెద్దలు, "కొత్తది ఇస్తామంటే పాతదానికోసం ఈ రగడ ఏమిటి?" అన్నారు. నిజం చెప్పాలంటే, నేనైనా ఆ రోజుల్లో అక్కడ ఉంటే అదే మాట అని ఉందును.

ఆడేవాళ్ళు మటుకు ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన ఇది: "కట్టి ఇచ్చిన చోటు వేరు, వెతుక్కున్న చోటు వేరు. ఈ మెట్లు మాకోసం కట్టలేదు. వీటిమీద ఏమి చేయవచ్చునో నలభై ఏళ్ళుగా ఒకరినొకరు చూసి కనిపెట్టాము. మా అన్నలు గీసిన గీతలు ఈ అరుగుల అంచులమీద ఉన్నాయి. వీటిని తీసుకుపోయి వంతెన కింద పెట్టగలరా?"

ఈ మాట వింటుంటే నాకు మా ఊరి రామాలయం ఎదటి అరుగు గుర్తుకువచ్చింది. చిన్నప్పుడు మేము గోళీలు ఆడినది దానిమీదే. ఇప్పుడు అక్కడ సిమెంటు గదులు నాలుగు ఉన్నాయి. ఆ అరుగును ఎవరు పడగొట్టారో, ఏ సంవత్సరం పడగొట్టారో నాకు తెలియదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ఎవరినీ అడగలేదు.

లండను కుర్రవాళ్ళు అడిగారు. ఎట్లా అడిగారంటే, అండర్‌క్రాఫ్ట్ ముందర ఒక బల్ల వేసుకుని కూచున్నారు. "లాంగ్ లివ్ సౌత్‌బ్యాంక్", అంటే సౌత్‌బ్యాంక్ వర్ధిల్లాలి అని, తమ సంఘానికి పేరు పెట్టుకున్నారు. దారినపోయేవాళ్ళను ఆపి, సంగతి చెప్పి, సంతకం పెట్టమన్నారు. అంతవరకూ వాళ్ళను అల్లరిమూక అనుకుని తప్పుకుని పోయినవాళ్ళు నిలబడి వినసాగారు. ఎండలోనూ, మంచులోనూ ఆ బల్ల అక్కడే ఉన్నది. 2013 వసంతంలో మొదలుపెట్టి, పదిహేడు నెలలు గడిచేసరికి లక్షా యాభై వేలమందికి పైగా తమ మద్దతు తెలిపారు. ఆ ప్రాంతం లాంబెత్ పురపాలక సంఘం కిందికి వస్తుంది. ఏ కట్టడానికైనా అనుమతి ఇవ్వవలసినది అదే. ఆ సంఘానికి ఈ పథకంమీద 27 వేలకు పైగా అభ్యంతరాలు అందాయి. బ్రిటన్‌లో ఒక కట్టడంమీద అన్ని అభ్యంతరాలు రావటం ఎన్నడూ ఎరగమని అందరూ అన్నారు. పక్కనే ఉన్న నేషనల్ థియేటరువాళ్ళుకూడా, వేరే కారణాలవల్ల, ఆ కొత్త కట్టడాల రూపం బాగాలేదన్నారు.

కుర్రవాళ్ళు చట్టాలుకూడా తిరగేశారు. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం. ఇంగ్లండులో గ్రామబయళ్ళను గురించి ఒక చట్టం ఉన్నది. గ్రామబయలంటే మన ఊళ్ళలో ఉమ్మడి బీడులాంటిది. పూర్వం అక్కడ పశువులు మేసేవి, పండగలకు ఆటలు జరిగేవి. ఒక బయలులో ఊరివాళ్ళు ఇరవై ఏళ్ళపాటు, బలవంతంగా కాకుండా, దొంగచాటుగా కాకుండా, ఎవరినీ అనుమతి అడక్కుండా ఆడుకుంటూ వచ్చినట్టు రుజువు చేస్తే, దాన్ని గ్రామబయలుగా నమోదు చేయించుకోవచ్చు. ఇక దానిమీద ఎవరూ కట్టడం కట్టటానికి వీల్లేదు. "మేము నలభై ఏళ్ళుగా పట్టపగలు అందరూ చూస్తుండగా ఆడుతున్నాము, ఇది గ్రామబయలే," అని వీళ్ళు దరఖాస్తు పెట్టారు! గడ్డిపోచ లేని కాంక్రీటు చావడి గ్రామబయలు అవుతుందా? దానిమీద తకరారులు వచ్చి, విషయం కోర్టులదాకా పోయింది.

2014 జనవరిలో అప్పటి లండను మేయరు బోరిస్ జాన్సన్ స్కేట్‌బోర్డువాళ్ళు ఉన్నచోటే ఉండాలన్నాడు. మరుసటి నెలలోనే సౌత్‌బ్యాంక్ సెంటర్‌వాళ్ళు తమ పథకం ఆపుకున్నారు. ఆ సెప్టెంబరు 18 న రెండు పక్షాలవాళ్ళూ, లాంబెత్ పురపాలక సంఘంతోకూడా కలిసి, రాతకోతలు పూర్తిచేశారు. అండర్‌క్రాఫ్ట్ స్కేట్‌బోర్డులకు ఉండిపోతుంది. కోర్టు తగాదాలు వదులుకుంటారు. మరమ్మతుల మాట ఏమయిందంటారా? దుకాణాలు లేకుండానే, చిన్న పథకంతో అవీ జరిగాయి. 2018 లో చిత్రశాలా, సంగీతశాలా మళ్ళీ తెరిచారు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నేను దీన్ని ఇంత పొడుగున రాసేవాణ్ణి కాను. తగాదా పడ్డ ఆ ఇద్దరే తరవాత కలిసి చందాలు పోగుచేశారు. 2004-05 లో మూసేసిన భాగం ఇంకా మూతపడే ఉన్నదిగదా. దాన్ని తెరవటానికి 2017 లో లాంగ్ లివ్ సౌత్‌బ్యాంక్‌వాళ్ళూ, సౌత్‌బ్యాంక్ సెంటర్‌వాళ్ళూ ఒకే పత్రంమీద పేర్లు వేసుకుని, 7 లక్షల 90 వేల పౌన్లు కావాలని జనాన్ని అడిగారు. 2019 జూలై 20 న అడ్డుగోడలు పోయి, పాత గచ్చులు బయటికి వచ్చాయి. చిన్నపిల్లలు బొమ్మలు వేసుకోవటానికీ, నేర్చుకోవటానికీ ఒక గదికూడా కట్టారు. ఈ అరుగుమీది మనిషి ఆ రోజు వచ్చాడట. తను పద్నాలుగేళ్ళప్పుడు ఎక్కిన ఏటవాలు మీద, పెళ్ళయి పిల్ల పుట్టాక మళ్ళీ నిలబడ్డానన్నాడు. ఇది చెప్పేటప్పుడు అతను మర బిగించటం ఆపేశాడు.

ఈ కథంతా నేను ఇంటికి వస్తూ రైలులో మా మేనల్లుడికి చెప్పాను. వాడికి సగం తెలుసు. మిగతా సగం విని, "అయితే మామయ్యా, అడిగితే ఎక్కడైనా ఇస్తారా?" అన్నాడు.

ఇవ్వరు. నేను వాడికి ఫిలడెల్ఫియా సంగతి చెప్పాను. అమెరికాలోని ఆ నగరం నడిబొడ్డున 1965 లో ఒక తోట కట్టారు. లవ్ పార్కు అంటారు. నున్నటి గ్రానైటు పలకలూ, మెట్లూ ఉండటంచేత అదికూడా అండర్‌క్రాఫ్ట్‌లాగే స్కేట్‌బోర్డువాళ్ళకు పుణ్యక్షేత్రమయింది. 2002 లో నగరంవాళ్ళు తోటను మార్చి, వాళ్ళను తరిమేశారు. ఆ తోటను మొదట ఊహించినది ఎడ్మండ్ బేకన్ అనే నగర నిర్మాణ నిపుణుడు. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడే దాన్ని గురించి రాశాడు. అప్పటికి ఆయనకు తొంభై రెండేళ్ళు. ఆ అక్టోబరులో ఆ ముసలాయన నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని, అటూ ఇటూ మనుషులు పట్టుకోగా, లవ్ పార్కులో స్కేట్‌బోర్డు ఎక్కి అందరూ చూస్తుండగా దొర్లాడు! నిషేధానికి అది ఆయన చెప్పిన జవాబు.

"అప్పుడు ఒప్పుకున్నారా?" అన్నాడు మావాడు ఆత్రంగా.

ఒప్పుకోలేదు. 2016 లో ఆ తోటను పూర్తిగా తవ్వి మార్చేశారు. తవ్వేముందు, చలికాలంలో కొద్దిరోజులు మటుకు మేయరు నిషేధం ఎత్తేస్తే, దేశం నలుమూలలనుంచీ వచ్చి కడసారి ఆడిపోయారు. అయితే ఆ నగరంలో స్కేట్‌బోర్డువాళ్ళు ఊరికే కూచోలేదు. ఏళ్ళతరబడి డబ్బు కూడబెట్టి, నగరంవాళ్ళతో మాట్లాడి, 2013 లో నది ఒడ్డున పెయిన్స్ పార్కు అనే బహిరంగ స్కేట్‌పార్కు సాధించారు. పోయినదానికి అది సాటి అవుతుందా అంటే, ఆడేవాళ్ళలోనే ఒకరొకరు ఒక్కో మాట చెబుతారు.

మావాడు కొంచెంసేపు కిటికీలోనుంచి చూశాడు. తరవాత టోక్యో ఒలింపిక్సు గురించి ఎత్తాడు. 2021 లో జరిగిన ఆ పోటీలలోనే స్కేట్‌బోర్డును మొదటిసారి చేర్చారు. వీధి పద్ధతి పోటీలో జపాను పిల్ల మోమిజి నిషియా బంగారు పతకం గెలిచింది, బ్రెజిల్ పిల్ల రైసా లియాల్ వెండి పతకం తెచ్చుకున్నది. ఇద్దరికీ పదమూడేళ్ళే! "నాకు ఇంకా రెండేళ్ళు టైముంది," అన్నాడు వాడు, చాలా గంభీరంగా. పందొమ్మిది ప్రయత్నాలకు ఒక మెట్టు ఎక్కినవాడు ఆ మాట అంటుంటే నాకు నవ్వు వచ్చింది గాని, ఆపుకున్నాను.

నేను తిరుగుప్రయాణమయ్యే ముందు రోజు మరోసారి అక్కడికి వెళ్ళాము. ఈసారి సాయంత్రం. పోటు వచ్చి నది గట్టుదాకా నిండి ఉన్నది. పైన సంగీతశాలలో కచేరీకి మంచి బట్టలు వేసుకున్నవాళ్ళు మెట్లెక్కి పోతున్నారు. కింద అండర్‌క్రాఫ్ట్‌లో దీపాలు వెలిగి చక్రాలు గరగరమంటున్నాయి. బల్ల ఇప్పుడు లేదు. అది వేసినచోటు ఏదని నేను అడిగితే, మావాడు తెలియదన్నాడు. కొత్తగా తెరిచిన భాగంలో, చిన్న ఏటవాళ్ళు అని పేరున్నచోట, ఒక పిల్ల మొదటిసారి పలక ఎక్కబోతూ వాళ్ళ నాన్న రెండు చేతులూ పట్టుకుని వదలటం లేదు.

"ఏటా జూన్ 21 న ప్రపంచమంతా స్కేట్‌బోర్డు పండగ చేస్తారు, మామయ్యా. ఆ రోజు ఇక్కడ నిలబడటానికి చోటు ఉండదు. ఈసారి అప్పటికి వచ్చెయ్యి," అన్నాడు మావాడు.

వస్తానన్నాను. వాడు పలక కింద పెట్టి, ఎదటివాడి కళ్ళలోకి చూసి, తన వంతు తీసుకుని మెట్టువేపు దొర్లిపోయాడు.